ప్రసాదనము – ఒక ఆంగ్లపదముపై విచారణ

మన ఇతిహాసపురాణములను, పూర్వాచార్యుల గ్రంథములను ఆంగ్లానువాదములలో చదువుకొనువారు నానాటికి పెరుగుచున్నారు. దూరదేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలోని పిల్లలకు పెక్కుమారులు ఆ అనువాదములే ఆధారములు. ఇది సంతోషింపదగినదే. కాని ఒక భాషలోని మాట మరియొక భాషలోనికి పోవునప్పుడు తన బరువును కొంత జారవిడుచును. తనది కాని బరువును కొంత తలకెత్తుకొనును. అట్టి మాటలలో 'ప్రొపిషియేట్' అనునది ఒకటి. కోపించిన వానిని, ముఖ్యముగా దేవతను, పూజలచేతను కానుకలచేతను శాంతింపజేసి తనకు అనుకూలుని చేసికొనుట అని దాని వాడుక. మోనియర్ విలియమ్స్ పండితుని సంస్కృతాంగ్లనిఘంటువు 1899 నాటి కూర్పులో 'ఆరాధన' శబ్దమునకు చెప్పిన అర్థములలో దీని నామరూపమైన 'ప్రొపిషియేషన్' కూడ గలదు. అనువాదకులు ఆరాధనమునకు, ప్రసాదనమునకు, ఒక్కొక్కచో శరణాగతికిని దీనినే వాడుచుందురు.

దీనిని చదివిన యువకులకు ఒక సందేహము కలుగుట సహజము. "మన స్వామి అంత కోపస్వభావుడా? ముడుపులు చెల్లించి, తలనీలాలిచ్చి ఆయన కోపమును చల్లార్చవలెనా? అట్లైన అది అధికారికి లంచమిచ్చుట వంటిదే కదా?" అని వారు పెద్దలను అడుగుదురు. ఈ ప్రశ్నను కసరి త్రోసివేయుట తగదు. ఇది మన ఆరాధనమునకే మూలమును తాకిన ప్రశ్న. సమాధానము చెప్పవలెనన్న ముందుగా ఆ ఆంగ్లపదమేమి చెప్పుచున్నదో, మన పదమేమి చెప్పుచున్నదో విడివిడిగా తెలిసికొనవలెను.

ఆంగ్లపదముల తీరు

కోపించిన వానిని చల్లబరచుటకు ఆంగ్లమున మాటలు పెక్కు గలవు. 'ప్యాసిఫై', 'అప్పీజ్' అను రెండింటికిని మూలము శాంతి యను అర్థము గల లాటిన్ శబ్దమే. ఏడ్చు బిడ్డను, అల్లరిచేయు గుంపును ఊరుకొనజేయుట మొదటి మాట. రెండవది పూర్వము మంచి మాటయే. ఆకలి తీర్చుట యందును దానిని వాడుదురు. కాని 1938 సెప్టెంబరులో బ్రిటిష్ ప్రధాని నెవిల్ చేంబర్లేన్ మ్యూనిక్ నగరమున హిట్లరుతో ఒడంబడిక చేసికొని, చెకోస్లోవేకియా దేశపు సరిహద్దు ప్రాంతమును అతనికి విడిచిపెట్టుటకు సమ్మతించెను. ఆరు మాసములు తిరుగకముందే, 1939 మార్చిలో, హిట్లరు ప్రాగ్ నగరమును సైతము ఆక్రమించెను. ఆ సెప్టెంబరులోనే మహాయుద్ధము ఆరంభమయ్యెను. నాటినుండి 'అప్పీజ్‌మెంట్' అనగా అన్యాయపరునకు జంకి, ఇతరుల సొత్తును వానికి ధారపోయుట అను నిందార్థము స్థిరపడినది.

'ప్లకేట్' అనగా ఇదివరకే కోపించియున్న వానిని చల్లార్చుట. 'మోలిఫై' అనగా మెత్తబరచుట. లాటిన్ భాషలో 'మోలిస్' అనగా మెత్తనిది. కోపము పూర్తిగా పోకున్నను దాని కరకుదనము తగ్గినచో ఈ మాట చెల్లును. 'కన్సిలియేట్' అనగా విముఖుని తన పక్షమునకు త్రిప్పుకొనుట.

ఇక మన 'ప్రొపిషియేట్' పదము. ఇది తనకంటె అధికుడైన వాని విషయముననే వాడబడును. బిడ్డను ప్యాసిఫై చేయుదురు గాని ప్రొపిషియేట్ చేయరు. దీని మూలమైన లాటిన్ శబ్దమునకు 'అనుకూలుడు' అని అర్థము. ముందునకు అను ఉపసర్గతోను, పోవుట, వాలుట అను అర్థముగల ధాతువుతోను అది ఏర్పడినదనియు, ఆ ధాతువు మన 'పత్' ధాతువునకు సోదరమనియు భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అనగా మనవైపునకు వాలినవాడు అని దాని తొలి భావము కావచ్చును. భావము సుందరమే. కాని వాడుకలో భయము, బలి, ప్రతిఫలము అను మూడును దానికి అంటుకొనినవి. ఆ అంటుకొనిన దానితోనే అది మన గ్రంథములలో ప్రవేశించినది.

తెలుగువారి నుడికారము

మన తెలుగున ఈ వివేచన తక్కువ లేదు. బిడ్డను బుజ్జగింతుము. దుఃఖించువానిని ఊరడింతుము. తగవులాడుకొను ఇద్దరిని సముదాయింతుము. కోపించిన మిత్రుని అనునయింతుము. ఆలి యలుకను తీర్తుము. పనికొరకు ఇచ్చగింపని వానిని బతిమాలుదుము. దేవుని మాత్రము ప్రసన్నుని చేసికొందుము. బుజ్జగించుటలో పెద్దరికము, బతిమాలుటలో దైన్యము, అనునయించుటలో చెలిమి గలవు. మరి ప్రసన్నుని చేసికొనుటలో ఏమి గలదు?

ప్రసాదశబ్దార్థము

'ప్రసన్న', 'ప్రసాద', 'ప్రసాదన' అను మూడు శబ్దములును 'ప్ర' అను ఉపసర్గము ముందు నిలిచిన 'సద్' ధాతువునుండి వచ్చినవి. ఈ ధాతువునకు కూర్చుండుట, అడుగునకు దిగుట అను భావములు గలవు. నీటిలోని మట్టి అడుగునకు దిగి కూర్చున్నచో నీరు తేటపడును. కావున ప్రసన్నమనగా మొట్టమొదట తేటయైనది అని అర్థము. దయగలది అను అర్థము దానినుండి పుట్టినది. శ్రీమద్రామాయణారంభమున వాల్మీకిమహర్షి తమసానదీతీర్థమును చూచి, ఈ నీరు సత్పురుషుని మనస్సు వలె ప్రసన్నముగా నున్నదని శిష్యుడైన భరద్వాజునితో పలికెను. నీటి తేటదనమునకును మనస్సు దయకును ఒకే మాట చెల్లుట అచ్చట స్పష్టము.

మన పల్లెలలో పూర్వము కలక నీటిని తేర్చుటకు చిల్లగింజను వాడెడివారు. ఇండుపగింజ యనియు దానినందురు, సంస్కృతమున కతకము. కుండ లోపలి అంచున ఆ గింజను అరగదీసి నీరు పోసి కదలక యుంచినచో మట్టి అడుగు పట్టి నీరు అద్దము వలె నగును. మనుస్మృతి ఈ గింజకు వాడిన విశేషణము 'అంబుప్రసాదకము', అనగా నీటిని ప్రసన్నము చేయునది. ఆ గింజ పేరు పలికినంత మాత్రమున నీరు తేరదనియు అచ్చట చెప్పబడినది. ఇచ్చట గమనింపదగినది ఒకటి గలదు. గింజ నీటికి తేటదనమును ఇచ్చుట లేదు. తేటదనము నీటి స్వభావము. వచ్చి చేరిన మట్టిని గింజ దించుచున్నది, అంతియే.

భగవద్విషయమున ఈ దృష్టాంతమును జాగ్రత్తగా అన్వయించుకొనవలెను. స్వామి హృదయము కలకబారినదని కాదు. నదీమధ్యమున నీరు ఎప్పుడును తేటయే. రేవులో దిగిన మన కాళ్లే అచ్చటి నీటిని కలచును. కలచిన పిదప మన ముఖము మనకు కానరాదు, నది మురికిదని మనమందుము. కదలక నిలిచినచో కొంతసేపటికి నీరు తేరును. అపరాధము చేసిన చేతనునికి భగవంతుడు విముఖుడైనట్లు తోచుట ఇట్టిది. ప్రసాదనమనగా ఆయన స్వభావమును మార్చుట కాదు. మనము కలచిన దానిని తేరనిచ్చుట.

ఇందుకు వ్యాకరణమును సాక్ష్యమిచ్చును. 'ప్రసీదతి' అనగా ప్రసన్నుడగుచున్నాడు. 'ప్రసాదయతి' అనగా ప్రసన్నుడగునట్లు చేయుచున్నాడు, ఇది ప్రేరణార్థకము. ప్రేరణార్థకమున కర్తలు ఇద్దరుందురు: ప్రేరేపించువాడు ఒకడు, ఆ క్రియను నిజముగా చేయువాడు మరియొకడు. ప్రేరేపింపబడినను రెండవవాని కర్తృత్వము తొలగదు; కర్త యనగా స్వతంత్రుడు. భక్తుడు ప్రసాదనము చేయును. ప్రసన్నుడగుట మాత్రము భగవంతుని పని, ఆయన స్వాతంత్ర్యము. కానుక చేతిలో పెట్టి ఆ పనిని ఆయనచేత బలవంతముగా చేయింపలేము. లంచమునకును ప్రసాదనమునకును గల భేదము ఇచ్చటనే యున్నది. లంచము ఎదుటివాని స్వాతంత్ర్యమును కొనును. ప్రసాదనము దానిని అంగీకరించి తలవంచును.

కావుననే ప్రసాదమను ఒకే మాట తేటదనమునకు, అనుగ్రహమునకు, స్వామికి నివేదింపబడి మన చేతికి వచ్చు అన్నమునకును చెల్లినది. మనము సమర్పించినది మనకే తిరిగి వచ్చుచున్నది. వచ్చునప్పుడు దానిలో ఆయన అనుగ్రహము చేరియున్నది. ఇంత అర్థమును ఒక్క 'ప్రొపిషియేషన్' మోయజాలదు.

అర్జునుని ప్రసాదనము

శ్రీభగవద్గీత పదునొకండవ అధ్యాయమున అర్జునుడు విశ్వరూపమును చూచి వణకుచు, తాను పూర్వము స్వామిని కృష్ణా, యాదవా, సఖా యని పిలిచిన చనువును తలంచుకొనెను. విహారములందు, పడకలందు, ఆసనములందు, భోజనములందు, ఒంటరిగానైనను నలుగురిలోనైనను పరిహాసమునకై తాను తక్కువ చేసి పలికిన దానిని క్షమింపుమని వేడెను. అచ్చట అర్జునుడు వాడిన క్రియ 'ప్రసాదయే' అనునదే. దేహమును నేలపై వాల్చి ఆయన చూపిన హేతువులు మూడు. కుమారుని తప్పును తండ్రివలె, మిత్రుని తప్పును మిత్రునివలె, ప్రియమైనవారి తప్పును ప్రియునివలె సహింపుమని కోరెను.

ఈ మూడింటిలో ఎక్కడను కానుక లేదు, బలి లేదు. ఉన్నది సంబంధము. నేను ఇచ్చిన దానిని చూచి మన్నింపుమని అర్జునుడు అనలేదు. నేను నీకు ఏమగుదునో దానిని చూచి మన్నింపుమనెను. శ్రీవైష్ణవసిద్ధాంతమున శేషశేషిభావమని చెప్పబడు సంబంధమే ప్రసాదనమునకు బలము. పరాయివానికి వెల చెల్లింపవలెను; తనవానికి చెల్లింపనక్కరలేదు.

అంజలి వైభవము

శ్రీమద్రామాయణమున ప్రసాదనము అను మాటయే పలుకబడిన ఘట్టము మరియొకటి కిష్కింధాకాండమున గలదు. వానకాలము గడచినను సుగ్రీవుడు తన ప్రతిజ్ఞను మరచి భోగములలో మునిగియుండెను. లక్ష్మణుడు మండిపడుచు కిష్కింధకు వచ్చెను. సుగ్రీవుడు కలతపడి, నేనేమియు తప్పు చేయలేదే యని మంత్రులతో అనెను. అప్పుడు హనుమ సూటిగా చెప్పెను. అపరాధము చేసినవాడవు, నీకు తగినది చేతులు జోడించి లక్ష్మణుని ప్రసన్నుని చేసికొనుట తప్ప మరియొకటి కానరాదు అని ఆయన హితవు. రత్నములు పంపుమనలేదు, సేనను నిలుపుమనలేదు, కారణములు కల్పింపుమనలేదు. మన ఆచార్యులు అపరాధపరిహారమును బోధించునప్పుడు ఈ హితమును తరచు స్మరింతురు.

తరువాత తార లక్ష్మణునికి ఎదురువచ్చెను. స్త్రీని చూచి ఆయన తలవంచుకొనెను. కోపము కొంత తగ్గెను. తార మాటలు అనునయమునకు ఒజ్జబంతి. ఆమె భర్త తప్పును కప్పిపుచ్చలేదు. కామమునకు లోబడిన వానిని, తనవానిని, మన్నింపుమని కోరెను. మహర్షులే కామమునకు లోబడగా చపలుడైన వానరుడెంత యనెను. పిదప, సేనలను రప్పించుటకు సుగ్రీవుడు ఇదివరకే ఆజ్ఞ యిచ్చినాడని తెలిపెను. తప్పును ఒప్పుకొనుట, దయను కోరుట, దిద్దుబాటు మొదలైనదని చూపుట అను మూడును అందున్నవి. ఈ మూడవది లేని క్షమాపణము నోటిమాట మాత్రమే. ఆ ప్రకరణము ముగియునప్పుడు మరియొక విశేషము జరిగినది. దుఃఖితుడైన అన్నగారి మాటలు విని పరుషముగా పలికితిని, నీవును నన్ను మన్నింపుమని లక్ష్మణుడే సుగ్రీవుని కోరెను. నిజమైన ప్రసాదనము ఎదుటివాని మనస్సును ఇంతగా కరిగించును.

కరిగించుటయే అంజలిశబ్దమున మన పెద్దలు చూచిన అర్థము. అకారము విష్ణువాచకము, ఆయనను నీటివలె కరిగించునది గావున అంజలి యైనదని నిర్వచింతురు. శ్రీవేదాంతదేశికులు అంజలివైభవమను పేరనే ఒక రహస్యగ్రంథమును రచించిరి. యామునాచార్యుల స్తోత్రరత్నమున అంజలిమహిమను చెప్పు శ్లోకమునకు అది వివరణము. రెండు చేతులును జోడించినవాని చేతిలో ఆయుధము లేదు, దాచుకొన్నది లేదు, ఇచ్చుటకు పట్టుకొన్నదియు లేదు. రిక్తహస్తములే అచ్చటి కానుక. మెత్తబరచుట యను అర్థముగల 'మోలిఫై' ఈ భావమునకు కొంత దగ్గరగా వచ్చును గాని, ఆ మాటకు ఈ పవిత్రత లేదు.

అమ్మవారి పురుషకారము

స్వామికి కోపమే లేదా యని అడుగవచ్చును. శాసించువానికి నిగ్రహమును అవసరమే. అందుకే మన సంప్రదాయమున శ్రీదేవి పురుషకారము చెప్పబడినది. పురుషకారమనగా నడుమ నిలిచి ఇరువురిని కలుపుట. పిళ్లైలోకాచార్యులు శ్రీవచనభూషణమును పురుషకారవైభవముతోనే ఆరంభించిరి. శ్రీపరాశరభట్టరు శ్రీగుణరత్నకోశమున ఆమె నేర్పును ఇట్లు వర్ణించిరి: నిండుగా తప్పులు చేసిన బిడ్డయెడ తండ్రివలె స్వామి హితము కోరి కోపగించునప్పుడు, అమ్మ అడ్డుపడి, ఇదేమి, ఈ లోకమున తప్పు చేయనివాడెవడు అని తగిన ఉపాయములచే ఆ తప్పులను మరపించి మనలను తనవారిగా చేసికొనును, అందుచేతనే నీవు మాకు తల్లివి అని.

చిత్రకూటమున అమ్మకు అపకారము చేసిన కాకాసురుని కథ దీనికి నిదర్శనము. దర్భాస్త్రము తరుముచుండగా వాడు ముల్లోకములు తిరిగెను. తండ్రియు దేవతలును చేరనీయలేదు. కడకు స్వామి ముందే పడెను. చంపదగినవాడైనను స్వామి కృపతో కాచెను. అస్త్రము వ్యర్థము కారాదు గనుక కుడికన్ను మాత్రము పోయెను. కాకి అలసి పడినది గాని విధిగా శరణాగతి చేయలేదే యని కొందరి శంక. అమ్మయే దాని తలను స్వామి పాదములవైపు త్రిప్పినదని పురాణాంతరమున గలదు. ఎవరియెడ అపచారము జరిగినదో ఆమెయే నడుమ నిలిచి రక్షించెను. మన ప్రయత్నము కృపకు కారణమా, నెపమా, ఆ నెపమును అవసరమా అని ఆచార్యులలో సూక్ష్మమైన అభిప్రాయభేదములు గలవు. కృపను వెలకు కొనలేమనుట మాత్రము ఉభయులకును సమ్మతము.

ఎవరిని ప్రసన్నుని చేసికొనవలెను?

స్వామి సులభముగా ప్రసన్నుడగుననుటచే మరియొక ప్రమాదము రావచ్చును. తోటివానిని నొప్పించి, స్వామి మ్రొక్కు చెల్లించి, దోషము తీరినదని కొందరు తృప్తిపడుదురు. దీనికి శ్రీభాగవతము నవమస్కంధమున అంబరీషోపాఖ్యానము చెప్పు సమాధానము కఠినమైనది. దుర్వాసుడు పరమభాగవతుడైన అంబరీషునిపై కృత్యను ప్రయోగించెను. సుదర్శనము కృత్యను దహించి మునిని తరిమెను. ఆయన బ్రహ్మను, రుద్రుని, కడకు శ్రీమహావిష్ణువును శరణు వేడెను. తాను భక్తులకు అధీనుడననియు, తనవలన కాదనియు, ఆ అంబరీషునే ఆశ్రయింపుమనియు స్వామి ఆదేశించెను. ముని తిరిగివచ్చి రాజు పాదములు పట్టుకొనెను. అప్పటికి ఒక సంవత్సరము గడచినది. ఆ సంవత్సరమంతయు అంబరీషుడు అతిథి భుజింపలేదని తానును భుజింపక జలాహారుడై యుండెను. ముని పాదములు ముట్టగా ఆయన సిగ్గుపడి, చక్రమును స్తుతించి శాంతింపజేసెను.

తప్పు ఎవరియెడ జరిగినదో క్షమ వారి చేతిలోనే యున్నది. దానిని సాక్షాత్తు భగవంతుడును వారినుండి లాగుకొనడు. సోదరునితో పదేండ్లు మాటలాడని వాడు ఏడాదికొకమారు కొండ యెక్కి తలనీలాలు సమర్పించుచుండవచ్చును. ఆ సమర్పణము వ్యర్థమని చెప్ప మనమెవ్వరము? కాని స్వామి వానికి చెప్పు మాట దుర్వాసునికి చెప్పిన మాటయే యగును. కొండ దిగిన పిదప వాడు పోవలసిన గడప మరియొకటి గలదు.

అనునయమునకు హద్దు

ఎవరిని పడిన వానిని, ఏ విధముగానైనను శాంతింపజేయుట ధర్మమా? కాదు. రామాయణమున దశరథమహారాజు క్రోధాగారమున నేలపై పడియున్న కైకేయిని అనునయింపబోయెను. కోరిక యేమో వినకముందే, రామునిపై ఒట్టుపెట్టి, చెల్లించెదనని మాటయిచ్చెను. ఆ ఒక్క తొందరపాటు అయోధ్యను దుఃఖసముద్రమున ముంచినది. అలుక తీర్చుట తప్పు కాదు. తనదికాని దానిని, ధర్మవిరుద్ధమైన దానిని పణముగా పెట్టి తీర్చుట తప్పు. 1938 నాటి రాజనీతియందును ఇదియే దోషము.

శ్రీరామచంద్రుడు సముద్రతీరమున ఈ హద్దును చూపెను. మూడు రాత్రులు దర్భలపై శయనించి సముద్రుని ప్రార్థించెను. సముద్రుడు కానరాకపోగా విల్లందుకొనెను. పిమ్మట సముద్రుడు చేతులు జోడించి రాగా మరల ప్రసన్నుడయ్యెను. సామమును ముందుగా, సంపూర్ణముగా ప్రయోగించుట. అది అశక్తతగా భావింపబడినప్పుడు ధర్మమునకై దృఢముగా నిలుచుట. ఎదుటివాడు తగ్గిన క్షణముననే తానును తగ్గుట. ఈ మూడును తెలిసినవాడే అనునయము తెలిసినవాడు.

స్వామియే ప్రసన్నుని చేసికొనువేళ

ఇంతవరకు మనము స్వామిని ప్రసన్నుని చేసికొనుట చెప్పితిమి. స్వామియే అమ్మవారిని ప్రసన్నురాలిని చేసికొను ఉత్సవమును మన ఆలయములలో గలదు. తిరుమలలో వైకుంఠ ఏకాదశికి ఆరవ దినమున ప్రణయకలహోత్సవము జరుగును. శ్రీమలయప్పస్వామి ఒక పల్లకిలో ప్రదక్షిణముగాను, ఉభయనాచ్చియారులు వేరు పల్లకీలలో అప్రదక్షిణముగాను వచ్చి ఎదురెదురుగా నిలుతురు. నమ్మాళ్వారుల పాశురములు నిందాస్తుతిగా విన్నవింపబడును. అమ్మవార్ల పక్షమున పూలచెండ్లు మూడుమారులు స్వామిపై విసరబడగా, స్వామి బెదిరినట్లు వెనుకకు తగ్గును. తుదకు అలుక తీరి అందరును కలసి ఆలయమున ప్రవేశింతురు.

శ్రీరంగమున ఉత్తరఫల్గునీ వేళ ఇట్టి ఉత్సవమే జరుగును. ఉరైయూరు కమలవల్లీ నాచ్చియారును చూచి తిరిగివచ్చిన శ్రీరంగనాథునికి శ్రీరంగనాయకి తలుపు తీయదు. నమ్మాళ్వారులు నడుమ నిలిచి కలుపుదురు. పిదప దివ్యదంపతులు ఒకే ఆసనమున సేవ సాయింతురు. ఆ చేర్తిసేవయందే భగవద్రామానుజులు శరణాగతిగద్యమును విన్నవించిరని సంప్రదాయము. అలుక తీరిన ఆ శుభవేళయే మనవంటి అపరాధుల మనవికి తగినదని ఆయన ఎంచుట ఎంత మధురము!

మన తెలుగునాట నంది తిమ్మన పారిజాతాపహరణమున చిత్రించిన సత్యభామ అలుకయు ఇట్టిదే. రుక్మిణికి పారిజాతపుష్పమిచ్చినందుకు కోపగృహమున చేరిన సత్య ముందు జగన్నాథుడు తలవంచెను. తప్పెవరిదను వాదమునకు దిగలేదు; ఆమె తన్నినను కోపింపలేదు. దశరథుడు ప్రవేశించినదియు కోపగృహమే, శ్రీకృష్ణుడు ప్రవేశించినదియు కోపగృహమే. ఒకరు మోహముతో మాటయిచ్చి ధర్మసంకటమున పడిరి. మరియొకరు ప్రేమతో తలవంచి ఎవరికిని కీడు లేకుండ అలుక తీర్చిరి. సర్వేశ్వరుడే తలవంచగా, ఇంటిలో ముందుగా పలుకరించినచో తన గౌరవము తగ్గునని మనము బిగిసియుండుట ఎట్టిది?

ఫలితార్థము

కావున అనువాదములు చదువు పిల్లలకు పెద్దలు ఇట్లు చెప్పవలెను. 'ప్రొపిషియేట్' అను మాట కనిపించినచోట దాని వెనుకనున్న మూలపదమేదో అడుగుము. అది ప్రసాదనమైనచో, తేటపడనిచ్చుట యని గ్రహింపుము. కోపించిన వానిని కొనివేయుట యని మాత్రము తలంపకుము. ముడుపు స్వామికి వెల కాదు. ఆపదలో పలికిన మాటను నిలుపుకొనుటకు మనకు మనము చేసికొన్న కట్టుబాటు. తలనీలాలు ఆయనకు అక్కరయై కాదు. మన తల వంగుటకు. హుండీలో వేసిన రూపాయి ఆయన కోపమును తగ్గింపదు. దానిని విడిచిన చేయి కొంత తేలికపడును. ఇవన్నియు చిల్లగింజలు. కుండలో నీరు తేరవలెనన్న గింజ ఒక్కటియే చాలదు, కుండ కదలకుండవలెను. ఒకవంక తేర్చుచు, మరియొకవంక పరుషవాక్కులచే, పరద్రోహముచే కలచుచున్నచో ఏ గింజయు పనిచేయదు.

ప్రతిదినము నిద్రించుటకు ముందు గృహస్థుడు తన్ను తాను అడుగుకొనదగిన ప్రశ్న యొకటి గలదు: నేడు నేను కలచిన నీరు ఎవరిది? అది భార్యయో, సోదరుడో, సేవకుడో, పొరుగువాడో కావచ్చును. మరునాడు ఉదయము వారి ముందు పలికెడి ఒక మెత్తని మాట, ఆ పిదప తిరువారాధనమున జోడించు రెండు చేతులు. ఈ క్రమమున చేసిన ప్రసాదనమును స్వామి తప్పక అంగీకరించును. శ్రియఃపతియైన శ్రీవేంకటేశ్వరుడు మనయెడ సదా ప్రసన్నుడై యుండుగాక! ఆ ప్రసన్నతను కాననీయని కలకను మనమే దించుకొను బుద్ధిని ప్రసాదించుగాక!